లెన్స్ ఊడని కెమెరాలో నలుసు



నీలాకాశం పడిన ఫొటోలో ఓ మూల బూడిద రంగు చుక్క కనిపిస్తుంది. ఏ పిట్టో గద్దో అనుకుంటాం. తర్వాతి ఫొటోలోనూ సరిగ్గా అక్కడే ఉంటుంది. గోపురం తీసినా అక్కడే, సముద్రం తీసినా అక్కడే. లెన్స్ తుడుస్తాం, పోదు. మెత్తటి గుడ్డ తెచ్చి మళ్లీ తుడుస్తాం, అయినా పోదు. అప్పుడు అర్థమవుతుంది, నలుసు లెన్స్ మీద లేదు, కెమెరా లోపల సెన్సర్ దగ్గర చేరి కూర్చుందని.

లెన్స్ ఊడదీసే కెమెరా అయితే ఇది పెద్ద తలనొప్పి కాదు. లెన్స్ విప్పి, కెమెరాను బోర్లా పట్టుకుని, రబ్బరు బ్లోయర్‌తో నాలుగుసార్లు గాలి కొడితే చాలావరకు రాలిపోతుంది. మొండికేస్తే తుడవడానికి ప్రత్యేకంగా అమ్మే పుల్లలున్నాయి, ద్రవాలున్నాయి. ఇవాళ నేను మాట్లాడబోయేది లెన్స్ ఊడని కెమెరాల గురించి. రికో జీఆర్, ఫ్యూజీఫిల్మ్ ఎక్స్ 100, సోనీ ఆర్‌ఎక్స్ 100, లైకా క్యూ, పక్షుల ఫొటోలు తీసేవాళ్లు ఇష్టంగా కొనుక్కున్న నికాన్ పీ 900, ఇవన్నీ ఈ కోవలోవే. వీటిలో లెన్స్, కెమెరా ఒకటే వస్తువు. అందుకే కొనేటప్పుడు చాలామంది ధీమాగా ఉంటారు. లెన్స్ విప్పే పనే లేదు కదా, ఇక దుమ్ము ఎలా పోతుంది లోపలికి అని.

పోతుంది. రికో జీఆర్‌నే తీసుకోండి. 2013లో వచ్చిన జీఆర్, 2015 నాటి జీఆర్ 2, 2019లో వచ్చిన జీఆర్ 3, మూడూ ప్యాంటు జేబులో పట్టేవే. పెద్ద కెమెరాల్లో ఉండేంత సెన్సర్‌ను ఇంత చిన్న డబ్బాలో ఇమడ్చాలంటే ఒకటే దారి. వాడనప్పుడు లెన్స్ గొట్టం లోపలికి ముడుచుకోవాలి, స్విచ్ నొక్కగానే బయటికి సాగాలి. గొట్టం బయటికి సాగినప్పుడల్లా లోపల ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీలోకి బయటి గాలి సందుల్లోంచి దూరుతుంది. కమ్మరి కొలిమి దగ్గర తిత్తి గాలి పీల్చుకోవడం చూశారు కదా, అదే పని. తిత్తి పీల్చే గాలిలో ఏముంటే అది లోపలికి వెళ్తుంది. మన జేబుల్లో ఏముంటుంది? నూలు నూగు, పాత బస్సు టిక్కెట్టు చివికిన పొడి, వేరుశనగ పొట్టు. ఇవన్నీ ఆ గొట్టం చుట్టూ చేరి, స్విచ్ నొక్కే క్షణం కోసం సిద్ధంగా ఉంటాయి.

దీనికి తోడు ఇంకోటి. ఈ కెమెరాల్లో షట్టర్ రేకులు లెన్స్‌లోనే ఉంటాయి. పెద్ద కెమెరాల్లో ఉన్నట్టు సెన్సర్‌కి ముందు తెర ఉండదు. లోపలికి వచ్చిన నలుసుకు సెన్సర్ దాకా దారి తెరిచే ఉంటుంది. పైగా కొంత పొడి బయటి నుంచి రానక్కర్లేదు. లోపల కదిలే భాగాలు ఒరుసుకుని రాలే పొడి కూడా ఉంటుంది.

సరే, లోపలికి చేరింది. ఇక్కడ చాలామంది కంగారు పడతారు, కెమెరా పాడైపోయిందని. ఆ కంగారు అక్కర్లేదని చెప్పడానికే నేను కాస్త లెక్క చెబుతాను, ఓపిగ్గా వినండి.

నలుసు పడేది అచ్చంగా సెన్సర్ మీద కాదు. సెన్సర్ ముందు పల్చటి గాజు పలకలుంటాయి. పరారుణ కాంతిని వడకట్టడానికి, సెన్సర్‌ను కాపాడటానికి పెట్టినవి. దుమ్ము ఆ గాజు మీద పడుతుంది, దాని నీడ సెన్సర్ మీద పడుతుంది. ఆ నీడే మనకు మచ్చగా కనిపిస్తుంది. నీడ ఎంత చిక్కగా ఉంటుందన్నది కాంతి ఎంత వెడల్పున వస్తోందన్న దాన్నిబట్టి ఉంటుంది. గాజు పైతలానికీ సెన్సర్‌కీ మధ్య ఒక మిల్లీమీటరు ఎడం ఉందనుకుందాం. నలుసు 0.05 మిల్లీమీటర్లు, అంటే సన్నటి వెంట్రుక మందం అనుకుందాం. ఎపర్చర్, అంటే లెన్స్‌లో కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్ 2.8 దగ్గర పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు, సెన్సర్ మీది ఒక్కో బిందువుకు వచ్చే కాంతి, గాజు దగ్గర దాదాపు 0.36 మిల్లీమీటర్ల వెడల్పున పరుచుకుని వస్తుంది. అందులో మన నలుసు అడ్డుకోగలిగేది 100కి 2 వంతులు. కంటికి ఆనదు. అదే ఎపర్చర్‌ను ఎఫ్ 16కి మూసేస్తే, కాంతి వెడల్పు మిల్లీమీటరులో పదహారో వంతుకు కుంచించుకుపోతుంది. అదే నలుసు ఇప్పుడు 100కి 64 వంతుల కాంతిని ఆపేస్తుంది. నల్లగా, అంచు తెలిసేట్టు మచ్చ పడుతుంది.

నలుసు మారలేదు, అది కూర్చున్న చోటూ మారలేదు. మారింది మనం తిప్పిన ఎపర్చర్ ఒక్కటే. పెళ్లిళ్లలో, ఇంట్లో, సాయంత్రం వేళ వీధుల్లో ఎఫ్ 2.8 దగ్గరే తీసేవాళ్లు తమ కెమెరాలో దుమ్ముందని ఏళ్ల తరబడి తెలుసుకోరు. ఎర్రటి ఎండలో సముద్రపు ఒడ్డుకు వెళ్లి ఎఫ్ 16 పెట్టిన రోజునే బయటపడుతుంది.

మచ్చ ఎంత పెద్దదన్నది కూడా చూడాలి. జీఆర్ సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. ఆ బొమ్మను 12 అంగుళాల వెడల్పున ప్రింటు తీస్తే 13 రెట్లు పెద్దదవుతుంది. ఇందాకటి నలుసు నీడ ప్రింటులో మిల్లీమీటరుకు అటూ ఇటూగా తేలుతుంది. ఫోన్ తెర మీద అయితే వెతికితే తప్ప కనపడదు. అదే పీ 900 లాంటి పెద్ద జూమ్ కెమెరాలో సెన్సర్ వెడల్పు 6 మిల్లీమీటర్ల పైచిలుకే. అంతే ప్రింటుకు దాదాపు 50 రెట్లు సాగదీయాలి, నలుసూ అన్ని రెట్లు సాగుతుంది. పైగా జూమ్ చివరిదాకా లాగితే ఆ లెన్స్ ఎఫ్ 6.5 కన్నా తెరుచుకోదు. నేలపట్టులోనో కొల్లేరులోనో పక్షి వెనకాల ఖాళీ ఆకాశం ఉన్నప్పుడు మచ్చలు తేలేది అందుకే. నా దృష్టిలో దుమ్ము బాధ చిన్న సెన్సర్ జూమ్ కెమెరాలకే ఎక్కువ.

మీ కెమెరాలో దుమ్ముందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో పెట్టి, ఎఫ్ నంబరును ఉన్నంతలో పెద్దదానికి తిప్పండి. ఐఎస్ఓ తక్కువలో ఉంచండి. ఫోకస్‌ను చేత్తో దగ్గరికి మార్చి, దూరంగా ఉన్న తెల్ల గోడను కావాలనే మసగ్గా తీయండి. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరాను మెల్లగా అటూ ఇటూ కదపండి. గోడ మీది మరకలు అలుక్కుపోతాయి, సెన్సర్ దగ్గరి నలుసు మాత్రం కదలకుండా నిలబడుతుంది. ఆ ఫొటోను కంప్యూటర్లో పూర్తి సైజుకు పెంచి, ఒక మూల నుంచి వరసగా చూసుకుంటూ రండి. అంచు మసకగా ఉన్న గుండ్రటి బూడిద మచ్చ అయితే అది దుమ్ము. మెలి తిరిగిన గీత అయితే నూలు పోగు. గులాబీ రంగులోనో పచ్చగానో సూదిమొనంత మెరుపు ఉంటే అది దుమ్ము కాదు, సెన్సర్‌లో ఒక పిక్సెల్ చెడింది. ఫ్లాష్ వేసినప్పుడు ఫొటోకో చోట తెల్లటి గుండ్రాలు తేలుతుంటే అది గాలిలో ఎగురుతున్న దుమ్ము, ఫ్లాష్ వెలుగు దాని మీద పడి వెనక్కి వచ్చింది. కెమెరాకు ఏమీ కాలేదు. లెన్స్ ముందు గాజు మీద ఉన్న నలుసు కూడా ఇలాంటి చుక్క వేయదు. అది మరీ ఎక్కువైతే వెలుతురుకు ఎదురుగా తీసినప్పుడు బొమ్మ వెలవెలబోతుంది, అంతే.

మచ్చ ఉందని తేలింది. ఇప్పుడేం చేయాలి? ముందుగా, ఎఫ్ 16 మనకు నిజంగా ఎందుకు కావాలో ఆలోచించండి. దగ్గరి మనిషి నుంచి దూరపు కొండ దాకా అంతా స్పష్టంగా రావాలని దాన్ని వాడతారు. కానీ జీఆర్ లెన్స్ 18.3 మిల్లీమీటర్లది. ఎఫ్ 8 పెట్టి ఫోకస్‌ను రెండున్నర మీటర్ల దగ్గర నిలిపితే, మీటరుంపావు దూరం నుంచి కనుచూపు మేర దాకా అన్నీ పదునుగా వస్తాయి. రెండున్నర మీటర్ల దగ్గర ఫోకస్ నిలపడానికి ఆ కెమెరాలో స్నాప్ ఫోకస్ అనే ఏర్పాటు ఉంది. ఎఫ్ 16కి వెళితే కాంతి సన్నటి రంధ్రంలోంచి వంగి చెదరడం వల్ల బొమ్మ పదును తగ్గుతుంది కూడా. అంటే ఎఫ్ 16 దగ్గర మచ్చ కొని తెచ్చుకుంటున్నాం, పదును పోగొట్టుకుంటున్నాం. జలపాతం పాలనురగలా రావాలని షట్టర్ వేగం తగ్గించడానికి ఎపర్చర్ మూసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు ఈ కెమెరాల్లోనే దారి ఉంది. జీఆర్ 3లో కాంతిని రెండు స్టాపులు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు లోపలే అమర్చి ఉంది. 2020లో వచ్చిన ఎక్స్ 100వీలో అయితే నాలుగు స్టాపులది. మెనూలో దాన్ని ఆన్ చేసి, ఎపర్చర్‌ను ఎఫ్ 8 దగ్గరే ఉంచండి. సగం మచ్చల బాధ ఇక్కడే తీరిపోతుంది.

ఇప్పటికే తీసిన ఫొటోల సంగతి. పూల చెట్టు మీదో జనం గుంపు మీదో పడిన మచ్చను ఎవరూ పట్టించుకోరు. ఆకాశం, తెల్ల పంచె, ఇసుక, అరకు పొగమంచు, వీటి మీద పడితేనే దిద్దాలి. ముఖాల దగ్గర మాత్రం జాగ్రత్తగా చూడండి. బుగ్గ మీద పడిన మచ్చను పుట్టుమచ్చ అనుకుని వదిలేసే ప్రమాదముంది, నిజమైన పుట్టుమచ్చను దుమ్మనుకుని చెరిపేసే ప్రమాదమూ ఉంది. ఫోన్లో స్నాప్‌సీడ్, కంప్యూటర్లో గింప్ చాలు, చుక్క మీద వేలు పెట్టి చెరిపేయవచ్చు. లైట్‌రూమ్ వాడేవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. మచ్చ ప్రతి ఫొటోలో ఒకే చోట ఉంటుంది కాబట్టి, ఒకదాన్ని దిద్ది, ఆ దిద్దుబాటునే మిగతా వాటికి అంటించేయవచ్చు. అయితే ఆ తర్వాత ఒక్కో ఫొటోనూ కంటితో చూడటం మానకండి. ఆకాశంలో సరిగ్గా కుదిరిన దిద్దుబాటు, అదే చోట కిటికీ ఊచ ఉన్న ఫొటోలో ఊచను తెంపేస్తుంది.

ఈ దుమ్ముతో వేగడంలో మనకన్నా ఎంతో ముందున్నవాళ్లు ఖగోళ శాస్త్రజ్ఞులు. దూరదర్శినికి బిగించిన కెమెరా గాజు మీద నలుసు పడినప్పుడల్లా వాళ్లు దాన్ని విప్పి కూర్చోరు. సూర్యుడు అస్తమించాక, చుక్కలు పొడవకముందు, ఏకరీతిగా వెలుగుతున్న ఆకాశాన్ని ఫొటో తీసి పెట్టుకుంటారు. దాన్ని ఫ్లాట్ ఫీల్డ్ అంటారు. అందులో దుమ్ము నీడలన్నీ వలయాలుగా పడి ఉంటాయి. రాత్రి తీసిన నక్షత్రాల బొమ్మను ఆ ఫ్లాట్‌తో పిక్సెల్‌కు పిక్సెల్ భాగిస్తారు. నీడ పడిన చోట తగ్గిన వెలుగు తగ్గినంతా తిరిగి వస్తుంది. హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వైను బప్పు పేరు పెట్టిన కావలూరు అబ్జర్వేటరీలో 2.34 మీటర్ల దూరదర్శిని ఉంది. అంత పెద్ద దూరదర్శినికైనా ఈ పద్ధతే. మనమూ చేసుకోవచ్చు. రాథెరపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాట్ ఫీల్డ్ దిద్దుబాటు ఉంది. అసలు ఫొటోకు వాడిన ఎపర్చర్‌తోనే తెల్లటి తలాన్ని తీసి ఇస్తే పని జరుగుతుంది. దుమ్మును తొలగించలేని చోట దాన్ని కొలిచి లెక్కలోంచి తీసేయడం అన్న ఈ ఆలోచన నాకు ఎంతో ఇష్టం.

కొన్ని కెమెరాలు దుమ్మును తమంతట తామే దులుపుకుంటాయి. సెన్సర్ ముందు గాజును అతిధ్వని పౌనఃపున్యంతో కంపింపజేసే పద్ధతిని 2003లో ఒలింపస్ ఈ 1తో తెచ్చారు. జీఆర్, జీఆర్ 2లలో ఇది లేదు, జీఆర్ 3లో వచ్చింది. మెనూలోకి వెళ్లి దీన్ని కొన్నిసార్లు నడపండి, నష్టమేమీ లేదు. పొడిగా ఉన్న నలుసు రాలిపోతుంది. తేమతో అతుక్కున్నది రాలదు. మన కోస్తాలో ఇది పెద్ద చిక్కు. ఏసీ గదిలోంచి విశాఖ ఎండలోకి ఒక్కసారిగా కెమెరా తీసుకొస్తే లోపల చెమ్మ పట్టి, నలుసు గాజుకు అంటుకుపోతుంది. సంచిలోనే కాసేపు ఉంచి, వేడికి అలవాటు పడ్డాక బయటికి తీయండి.

ఇక చేయకూడని పనులు. ఈ విషయంలో నేను గట్టిగానే చెబుతాను. లెన్స్ మీద వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనించి, జూమ్‌ను ముందుకూ వెనక్కూ తిప్పుతూ దుమ్మును పీల్చేయడం ఒక చిట్కాగా చెలామణిలో ఉంది. కొందరికి మచ్చ పోయిన మాట నిజం. కానీ ఒక సందులోంచి గాలిని లాగేస్తే, ఆ ఖాళీ నింపడానికి మిగతా సందులన్నిటిలోంచీ గాలి దూరుతుంది, దాంతో కొత్త దుమ్మూ దూరుతుంది. షట్టర్ రేకులు కాగితంకన్నా పల్చన. ఆ లాగుడుకు అవి వంగితే కెమెరా మూలన పడుతుంది. ఒక చుక్కను పోగొట్టుకోవడానికి అంత పందెం కాయకండి. డబ్బాల్లో అమ్మే గాలి స్ప్రే కూడా వద్దు. ఒక్కోసారి గాలితో పాటు చల్లటి ద్రవం తుంపర పడి మరక కడుతుంది. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి.

అన్నిటికన్నా ముఖ్యం, వీడియో చూసి మీరే స్క్రూలు విప్పకండి. ఫ్లాష్ ఉన్న కెమెరాలో ఒక కెపాసిటర్ ఉంటుంది. అందులో 300 వోల్టుల దాకా విద్యుత్తు నిలవ ఉంటుంది, బ్యాటరీ తీసేశాక కూడా. వేలు తగిలితే గట్టి షాకే. షాక్ తప్పినా ఇంకో ముప్పుంది. సెన్సర్‌ను ఫ్యాక్టరీలో లెన్స్‌కు సరిగ్గా సమాంతరంగా కూర్చోబెడతారు. విప్పి బిగించేటప్పుడు వెంట్రుకవాసి వంకర వచ్చినా ఫొటోలో ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసగ్గా వస్తుంది. ఆ లోపం ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ దిద్దుకోలేం. చుక్క ఉన్న ఫొటోను అర నిమిషంలో బాగుచేయవచ్చు, ఒరిగిన సెన్సర్ తీసిన ఫొటోను బాగుచేయలేం.

మచ్చలు మరీ ఎక్కువై, ఎఫ్ 5.6 దగ్గర కూడా కనపడుతుంటే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాల్సిందే. ఇచ్చే ముందు ఒక మాట అడగండి, శుభ్రం చేసి ఇస్తారా, లేక లెన్స్ యూనిట్ మొత్తం మార్చేస్తారా అని. రెండింటి ఖర్చుకూ చాలా తేడా ఉంటుంది. తెల్ల గోడ ఫొటో ఒకటి తీసి ముందే ఇవ్వండి. లెన్స్ బొమ్మను తలకిందులు చేస్తుంది కాబట్టి, ఫొటోలో పైన కనిపించిన మచ్చ సెన్సర్ మీద కింది వైపు ఉంటుంది. ఇది తెలిసిన మెకానిక్‌కు ఆ ఫొటోయే దారి చూపుతుంది.

కెమెరా తిరిగి వచ్చాక దుమ్ము పోయిందో లేదో ఒక్కటే చూసి ఊరుకోకండి. తెలుగు దినపత్రిక పేజీ ఒకటి పూర్తిగా విప్పి, ముడతల్లేకుండా గోడకు అంటించండి. కెమెరాను స్టాండు మీద, గోడకు సరిగ్గా ఎదురుగా పెట్టి, ఎఫ్ 2.8 దగ్గర తీయండి. నాలుగు మూలలా చిన్న అక్షరాల్లోని ఒత్తులు, సున్నాలు చూడండి. కుడి మూల క్రావడి విడిగా తెలుస్తూ, ఎడమ మూల అది అక్షరానికి అతుక్కుపోతే, సెన్సర్ ఒరిగిందన్న అనుమానం పెట్టుకోవచ్చు. వెంటనే వెనక్కి తీసుకెళ్లండి. ఇంత చక్కటి పరీక్షాపత్రం మనకు రోజూ పొద్దున్నే గుమ్మంలోకి వస్తోంది.

రాకుండా చూసుకోవడం మాటకొస్తే, మన నేలమీద ఎన్ని రకాల ధూళి ఉందో ఫొటోలు తీసేవాళ్లకు తెలుసు. గుంటూరు మిర్చి యార్డులో కారం ఘాటుతో గాలే ఎర్రగా ఉంటుంది. ఆదిలాబాద్, వరంగల్ జిన్నింగ్ మిల్లుల్లో దూది పోగులు తేలుతుంటాయి. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరలో లక్షల పాదాల కింద లేచే మట్టి, దానికి తోడు పసుపు, కుంకుమ. వీటిని ఫొటో తీయకుండా ఉండలేం, ఉండకూడదు కూడా. ఇలాంటి చోట కెమెరాను మాటిమాటికీ ఆపి, తెరవకండి. ఒకసారి తెరిచారంటే ఆ పని అయ్యేదాకా తెరిచే ఉంచండి. మధ్యలో దానంతట అది ఆగిపోకుండా మెనూలో ఆ సమయాన్ని పెంచుకోండి. ఆపే ముందు చేయాల్సింది ఒకటుంది, దీన్ని మాత్రం అలవాటు చేసుకోండి. లెన్స్ ఇంకా సాగి ఉండగానే కెమెరాను నేలవైపు వంచి, గొట్టం చుట్టూ మెత్తటి బ్రష్షుతో ఒక చుట్టు దులపండి. ఆ తర్వాత బ్లోయర్‌తో పక్కనుంచి గాలి కొట్టండి, సందులోకి ఎదురుగా కాదు. గొట్టం మీద ఉన్న దుమ్ము ముడుచుకునేటప్పుడు లోపలికి పోతుంది. అక్కడ ఆపగలిగితే చాలావరకు ఆపినట్టే. జేబులో పెట్టుకునేవాళ్లు జేబును తిరగేసి దులుపుకోండి, కెమెరాకు జిప్పున్న చిన్న సంచి ఒకటి కొనండి. ఎక్స్ 100వీ వాడేవాళ్లు లెన్స్ ముందు అడాప్టర్ రింగు, రక్షణ ఫిల్టరు బిగించుకోండి. అవి ఉంటేనే ఆ కెమెరాకు దుమ్ము, తుంపరల నుంచి రక్షణ అని తయారీదారే చెబుతున్నారు.

తయారీదారులకు నా విన్నపం ఒకటుంది. ఇంత ఖరీదు పెట్టి కొన్న కెమెరాలో ఒక నలుసు తీయడానికి మొత్తం విప్పాల్సి రావడం న్యాయం కాదు. కనీసం సెన్సర్ శుభ్రం చేయడాన్ని లెన్స్ మార్పిడితో ముడిపెట్టకుండా, విడిగా, అందుబాటు ధరలో చేసిపెట్టండి.

పాత కెమెరా కొనబోతున్న శ్రోతలకు ఆఖరి మాట. ఇప్పుడు ఈ కెమెరాలు చేతులు మారడం ఎక్కువైంది. పైపైన గీతలు లేవని, డబ్బా ఉందని మురిసిపోయి డబ్బులు ఇవ్వకండి. ఎఫ్ నంబరును ఉన్నంతలో పెద్దదానికి తిప్పి, తెల్ల గోడ ఫొటో ఒకటి మీ కళ్ల ముందే తీసి చూపించమనండి. ఒకటి రెండు చిన్న మచ్చలుంటే భయపడకుండా కొనుక్కోండి. ఫొటో తీయనివ్వకపోతే మాత్రం ఆ కెమెరా వదిలేయండి.